ఆట నేర్పడం కూడా ఒక పనే: ఫాగ్ అలెన్ గురించి

బాస్కెట్‌బాల్ ఎవరు కనిపెట్టారని బీపీఈడీ (ఆటల టీచర్ల కోర్సు) చదివిన ఎవరినైనా అడగండి, జేమ్స్ నైస్మిత్ పేరు టక్కున చెప్తారు. 1891 డిసెంబర్, అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్, గోడకు కొట్టిన పీచ్ పండ్ల బుట్టలు, 13 రూల్స్. ఒక మార్కు ప్రశ్న కింద ఏటా వస్తుంది కాబట్టి మేమందరం బట్టీ పట్టినం. కానీ ఆ నైస్మిత్ దగ్గర ఆడి, ఆయన కాదన్న పనినే పట్టుకుని, దాదాపు యాభై ఏళ్లు అదే పని చేసిన శిష్యుడి పేరు మాకు ఎవరూ చెప్పలేదు. ఆయన పేరు ఫారెస్ట్ క్లేర్ అలెన్. అందరూ ఫాగ్ అలెన్ అంటారు.

నేను వరంగల్ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని, అంటే ఆటల టీచర్‌ని. ఆట కనిపెట్టినాయన గొప్పవాడే, అందులో అనుమానం లేదు, కానీ ఆట నేర్పడం అనేది విడిగా ఒక పని, దానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి దానికోసం చదవాలి, ఆలోచించాలి అని తన జీవితంతో చూపించినాయన మాలాంటి వాళ్లకు ఇంకా దగ్గర అనిపిస్తాడు. అందుకే ఇది రాస్తున్నా, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

అలెన్ 1885 నవంబర్ 18న మిస్సోరి రాష్ట్రంలో జేమ్స్‌పోర్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు, పెరిగింది ఇండిపెండెన్స్‌లో. ఇంట్లో అన్నదమ్ములంతా ఆటగాళ్లే. చిన్నప్పుడు బేస్‌బాల్ అంపైరింగ్ చేసేవాడట, పొగమంచులో ఓడలకు దారి తెలియడానికి ఊదే పెద్ద హారన్ ఉంటుంది కదా, అట్లాంటి గొంతు అని ఫాగ్ (పొగమంచు) అనే పేరు పెట్టారు. పీఈటీలకు ఆ గొంతు ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు, ప్రార్థన లైన్లో మైకు పని చేయని రోజు మా ఉద్యోగమంతా గొంతు మీదనే నడుస్తుంది.

1905లో, ఇంకా 20 ఏళ్లు నిండకముందే, కాన్సస్ సిటీ అథ్లెటిక్ క్లబ్ తరఫున బఫెలో జర్మన్స్ అనే పేరుమోసిన టీమ్ మీద మూడు మ్యాచ్‌ల సిరీస్ ఆడాడు. ప్రపంచ చాంపియన్‌షిప్ అని దానికి పేరు పెట్టుకున్నారు, ఆ రోజుల్లో అడిగేవాడు ఎవడు. రెండు గెలిచి సిరీస్ పట్టుకెళ్లారు. తర్వాత కాన్సస్ యూనివర్సిటీలో నైస్మిత్ టీమ్‌లో చేరాడు. పక్కన బేకర్ యూనివర్సిటీ వాళ్లు వచ్చి మా పిల్లలకు కోచ్‌గా ఉండమని అలెన్‌ను అడిగితే, నైస్మిత్ నవ్వి, బాస్కెట్‌బాల్‌కు కోచింగ్ ఏముంటుంది, అది ఊరికే ఆడే ఆట కదా అన్నాడని చెప్పుకుంటారు.

ఆ మాట నైస్మిత్ ఎగతాళిగా అన్నది కాదని నా నమ్మకం. ఆయన ఆట పుట్టించిందే వేరే అవసరం కోసం. శరదృతువులో ఫుట్‌బాల్ అయిపోతుంది (అమెరికా వాళ్ల ఫుట్‌బాల్, చేతుల్లో బంతి పట్టుకుని ఒకరి మీద ఒకరు పడే ఆట), వసంతంలో బేస్‌బాల్ మొదలయ్యేదాకా మంచు, చలి. ఆ మధ్య నెలల్లో కుర్రాళ్లు జిమ్‌లో డ్రిల్ చేసి చేసి విసిగిపోతున్నారు. దెబ్బలు తగలకుండా నాలుగు గోడల మధ్య ఆడుకునే ఆట కావాలి, అంతే. ఆయన చూపులో అది ఒళ్లు, మనసు బాగుండటానికి చేసే సాధన, గెలుపోటములు తర్వాతి సంగతి. నైస్మిత్ 1898లో కాన్సస్‌కు వచ్చి 1907 దాకా టీమ్‌ను చూసుకున్నాడు, 55 గెలిచి 60 ఓడాడు. ఆ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్‌లలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్నది ఆట కనిపెట్టినాయనకే. కొందరు ఈ లెక్క చెప్పి నవ్వుతారు, నాకైతే గౌరవం పెరిగింది. తన ఆటలో తానే ఓడిపోతూ, కొన్నిసార్లు రిఫరీగా కూడా నిలబడి, ఏ బాధా లేకుండా ఉండగలగడం చిన్న విషయం కాదు.

అలెన్ మాత్రం అట్లా ఉండే మనిషి కాదు. బేకర్‌లో 1905 నుంచి 1908 దాకా, కాన్సస్‌లో 1907 నుంచి 1909 దాకా, కాన్సస్ యూనివర్సిటీ ఊళ్లోనే ఉన్న హాస్కెల్ అనే స్కూల్లో (అమెరికా మూలవాసుల పిల్లల కోసం పెట్టింది) 1908-09లో కోచ్‌గా చేశాడు. సంవత్సరాలు సరిచూసుకోండి, ఒక్కో సీజన్‌లో రెండేసి టీమ్‌లు. మా దగ్గర రెండు స్కూళ్లకు ఒకే పీఈటీని డిప్యుటేషన్ మీద తిప్పే రోజులు గుర్తొచ్చాయి నాకు, కాకపోతే ఆయన ఇష్టపడి తిరిగాడు. కాన్సస్ టీమ్ 1908-09లో 25 గెలిచి 3 ఓడింది.

అంత బాగా నడుస్తున్నప్పుడు వదిలేసి వైద్యం చదవడానికి పోయాడు. ఆస్టియోపతీ అని, ఎముకలు, కీళ్లు, కండరాలను చేత్తో సరిచేసే వైద్యం. అప్పటి నుంచి ఆటగాళ్లు ఆయనను డాక్ అని పిలిచేవారు. నాకు ఆయన జీవితంలో బాగా నచ్చిన మలుపు ఇదే. పిల్లవాడి మోకాలు వాస్తే ఏం చేయాలో, చీలమండ మడతపడితే ఎన్ని రోజులు ఆపాలో తెలియకుండా ఆట నేర్పడం ఎట్లా అని ఆ కాలంలోనే ఆలోచించి, తెలుసుకోవడానికి మళ్లీ బెంచి మీద కూర్చున్నాడు. మా పిల్లలు ఖోఖోలో పోల్ దగ్గర తిరుగుతూ మోకాళ్లు పోగొట్టుకుంటారు. ఇంటికి పోతే పసుపు, సున్నం పట్టు వేస్తారు, రెండ్రోజులు కాగానే మళ్లీ ఉరుకుడే. ఆపమని గట్టిగా చెప్పేంత చదువు మా అందరికీ ఉండాలి, ఆ చదువు చెప్పించే బాధ్యత పైవాళ్లకు ఉండాలి.

1912 నుంచి 1919 దాకా వారెన్స్‌బర్గ్‌లో ఒక టీచర్ ట్రైనింగ్ కాలేజీలో పని చేశాడు. అక్కడ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ రెండూ ఆయనే. అప్పటి అమెరికాలో చాలా కాలేజీల్లో ఇదే పద్ధతి, ఒకే మనిషి చలికి ముందు ఫుట్‌బాల్, చలిలో బాస్కెట్‌బాల్, చలి పోయాక ఇంకొకటి. ఫుట్‌బాల్‌లో పేరు తెచ్చుకున్న జాన్ హైస్‌మన్ కూడా జార్జియా టెక్‌లో బాస్కెట్‌బాల్ నేర్పినవాడే. చికాగోలో ఫుట్‌బాల్ కోచ్‌గా ఏళ్లకేళ్లు వెలిగిన అమోస్ అలోంజో స్టాగ్ అయితే 1892 మార్చిలో జనం ముందు జరిగిన మొదటి బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లోనే అధ్యాపకుల తరఫున ఆడాడు. విద్యార్థులు 5-1తో గెలిచారు, అధ్యాపకుల ఆ ఒక్క గోల్ కొట్టింది స్టాగ్.

ఈ సంగతులు చదువుతుంటే నాకు మనూళ్లలో ఆటలు నేర్పే పీడీ సార్లే కనిపించారు. పొద్దున అసెంబ్లీ, మధ్యాహ్నం భోజనం లైను, సాయంత్రం కబడ్డీకి ముగ్గు పోసి గీతలు, వర్షాకాలంలో వాలీబాల్ నెట్టుకు కర్రలు, ఆగస్టు 15కు కవాతు. ఒక్కడే అన్నీ. కానీ తేడా ఒకటుంది. అక్కడ అట్లా మొదలైన మనుషులు మెల్లగా తమ పనికి ఒక రూపం, ఒక హక్కు సంపాదించుకున్నారు. ఆ సంపాదించిన వాళ్లలో ముందు వరసలో ఉన్నది అలెన్.

1919లో అథ్లెటిక్ డైరెక్టర్‌గా కాన్సస్‌కు తిరిగి వచ్చాడు. 1920లో ఒక్క సీజన్ ఫుట్‌బాల్ టీమ్‌ను కూడా ఆయనే చూడాల్సి వచ్చింది. 5 గెలుపులు, 2 ఓటములు, 1 డ్రా. ఆ ఒక్క డ్రా గురించి కాన్సస్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రత్యర్థి నెబ్రాస్కా, మహా గట్టి టీమ్. సగం ఆట అయ్యేసరికి స్కోరు 20-0, అందరూ ఆశ వదులుకున్నారు. రెండో సగంలో కాన్సస్ 20 పాయింట్లు కొట్టి 20-20 చేసింది. గెలవలేదు, సమం చేశారంతే, కానీ ఆ ఊపులో విద్యార్థులు, అధ్యాపకులు చందాలు రాశారు. 1921లో పాత మైదానంలోని చెక్క స్టాండ్లను వాళ్లే చేతులతో కూల్చారు, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన తమ కాలేజీ వాళ్ల జ్ఞాపకంగా మెమోరియల్ స్టేడియం లేచింది. ఒక డ్రా మ్యాచ్ స్టేడియం కట్టించింది! నేను మా స్టాఫ్‌రూమ్‌లో ఈ సంగతి చెప్తే లెక్కల సార్ నమ్మలేదు, రెండుసార్లు అడిగాడు. ఆయన కూడా మా బాస్కెట్‌బాల్ రింగుకు పాత విద్యార్థుల బ్యాచ్ దగ్గర డబ్బు పోగుచేసిన మనిషే, అందుకే ఇంకా ఎక్కువ నచ్చింది.

బాస్కెట్‌బాల్‌లో ఆయన లెక్కలు ఒకేసారి చెప్పేస్తా. కాన్సస్‌లో మొత్తం 39 సీజన్లు, 590 గెలుపులు. అన్ని టీమ్‌లూ కలిపి 746. 1952లో సియాటిల్‌లో సెయింట్ జాన్స్ మీద 80-63తో జాతీయ చాంపియన్‌షిప్, అందులో క్లైడ్ లవలెట్ ఒక్కడే 33 పాయింట్లు. అదే ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో అమెరికా టీమ్‌లో సగం మంది ఆయన దగ్గర ఆడిన పిల్లలే, ఆయన అసిస్టెంట్ కోచ్, బంగారు పతకం. 1940, 1953 ఫైనల్స్‌లో రెండుసార్లూ ఇండియానా చేతిలో ఓటమి, 1953లో ఒకే ఒక్క పాయింట్ తేడా, 69-68.

ఈ అంకెల కంటే 1927లో జరిగింది నాకు పెద్దది. ఆ ఏడు రూల్స్ కమిటీ వాళ్లు డ్రిబ్లింగ్‌ను (బంతిని నేలకు కొట్టుకుంటూ పోవడాన్ని) దాదాపు తీసేయాలని, బంతిని ఒక్కసారే నేలకు కొట్టాలని నిర్ణయించారు. బాస్కెట్‌బాల్ చూసిన ఎవరికైనా అర్థమవుతుంది, అది పోతే ఆట ప్రాణం పోతుంది. రోజూ పిల్లలతో ఆడించే కోచ్‌లను మాత్రం ఎవరూ అడగలేదు. అలెన్ కోచ్‌లందరినీ కూడగట్టాడు, కోచ్‌ల జాతీయ సంఘం పుట్టింది, మొదటి అధ్యక్షుడు ఆయనే. ఆ రూల్ అమల్లోకి రాలేదు. ఇవాళ మా హనుమకొండ జేఎన్ఎస్ స్టేడియంలో ఒక పిల్ల బంతిని కొట్టుకుంటూ ఇద్దరిని తప్పించి రింగు దాకా ఉరికితే, ఆ ఉరుకుడు బతికింది ఆ కొట్లాట వల్ల. మైదానంలో నిలబడేవాళ్లు ఒక్కటైతే మైదానం గురించి తీర్మానాలు మార్చొచ్చని అప్పుడే చూపించారు. మా గేమ్స్ పీరియడ్ టైంటేబుల్‌లో ఉంటుంది, సంక్రాంతి దాటగానే పదో తరగతి స్పెషల్ క్లాసులకు పోతుంది, ఎవరూ మమ్మల్ని అడగరు. మేమూ గట్టిగా అడగం. ఈ విషయంలో నాకు నిజంగా కోపం ఉంది.

అదే సంఘం 1936లో ఇంకో మంచి పని చేసింది. బాస్కెట్‌బాల్‌ను ఒలింపిక్స్‌లో చేర్చాలని అలెన్ ఏళ్ల తరబడి తిరిగాడు, బెర్లిన్‌లో చేర్చారు. ఆ ఆట పుట్టించిన నైస్మిత్‌కు అప్పటికి 74 ఏళ్లు, సొంతంగా వెళ్లేంత డబ్బు లేదు. కోచ్‌లు చందాలు పోగు చేసి పంపించారు. ఫైనల్ ఆరుబయట, టెన్నిస్ కోర్టుల మట్టి మీద, వానలో జరిగింది, బురదలో బంతి ఎగరదు కాబట్టి డ్రిబ్లింగ్ లేదు, అమెరికా 19, కెనడా 8. కోచింగ్ ఏముంటుంది అని నవ్విన గురువును, కోచ్‌లంతా కలిసి ఆయన ఆట ఒలింపిక్స్‌లో చూడడానికి పంపించారు! వర్షం పడ్డాక మా గ్రౌండ్ ఎట్లుంటుందో తెలిసినవాణ్ని కాబట్టి ఆ మ్యాచ్ నా కళ్ల ముందు ఆడినట్టే ఉంటుంది.

ఇంత పొగిడినాక ఇంకొకటి చెప్పకపోతే తప్పు. జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి కుర్రాడు 1933లో కాన్సస్‌లో చేరాడు, బాస్కెట్‌బాల్ కోచ్ కావాలని. యూనివర్సిటీ టీమ్‌లో నల్లవాళ్లకు చోటు లేదు. అప్పుడు అక్కడ ఆటల విభాగానికి పెద్ద అలెనే. అంత గొంతున్న మనిషి, రూల్స్ కమిటీ మీద లేచిన మనిషి, ఆ పిల్లవాడి కోసం ఆ గొంతు ఎత్తలేదు. మెక్‌లెండన్‌ను దగ్గరికి తీసి నేర్పింది ముసలి నైస్మిత్. ఆ కుర్రాడు నార్త్ కరోలినాలో నల్లజాతి కాలేజీకి కోచ్ అయి, 1944 మార్చిలో ఒక ఆదివారం పొద్దున, ఊరంతా చర్చిలో ఉన్న సమయంలో, తలుపులు మూసుకుని డ్యూక్ వైద్య కళాశాల తెల్లవాళ్ల టీమ్‌తో రహస్యంగా ఆడించాడు. చట్టం ఒప్పుకోని మ్యాచ్ అది. 88-44తో గెలిచారు. తర్వాత టెన్నెస్సీలో 1957, 58, 59 వరుసగా మూడేళ్లు జాతీయ చాంపియన్. అలెన్ టీమ్‌లోకి నల్లజాతి ఆటగాడు వచ్చేసరికి 1950లు వచ్చాయి. ఈ మచ్చ ఆయన పేరు మీద ఉంది, ఉండాలి కూడా. ఎవరిని టీమ్‌లోకి తీసుకుంటున్నాం, ఎవరిని గ్రౌండ్ బయట నిలబెడుతున్నాం అనేది కోచ్ చేసే మొదటి పని, మిగతా నైపుణ్యాలన్నీ దాని తర్వాతే. మన ఊళ్లలో పత్తి ఏరే రోజుల్లో బడికి రాని పిల్లలెవరో, వాళ్లు ఏ వాడ వాళ్లో ప్రతి పీఈటీకి తెలుసు. రెగ్యులర్‌గా రావడం లేదని సెలక్షన్‌లో పేరు కొట్టేయడం చాలా సులువు. నేను కొట్టేయను.

అమ్మాయిల విషయంలో ఈమధ్య ఒక మంచి జరిగింది, చెప్పాలి. ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేకపోవడంతో జిల్లా సెలక్షన్లకు తీసుకుపోవడం తేలికైంది, ఆధార్ కార్డు ఉంటే చాలు. ఒప్పించాల్సింది ఇంట్లోవాళ్లనే. పోయిన సీజన్‌లో ఒక తల్లి గేటు దగ్గర ఆపి, "సారూ, ఆటలాడితే ఏమొస్తది? వచ్చే ఏడు పదో తరగతి ఉన్నది దానికి" అన్నది. "అమ్మా, సాయంత్రం గంటసేపే. చదువు నేను కూడా అడుగుత, మార్కులు తగ్గితే నువ్వే ఆపెయ్" అన్నాను. పిల్ల వెనక నిలబడి నా మొహం, వాళ్లమ్మ మొహం చూస్తున్నది. ఒప్పుకున్నది చివరికి. ఇప్పుడు ఆ పిల్ల మా అండర్-17 టీమ్‌లో గార్డ్, మార్కులు కూడా తగ్గలేదు.

అలెన్ చివరి రోజులు తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. 1955లో ఏడడుగుల విల్ట్ ఛాంబర్లిన్‌ను ఫిలడెల్ఫియా నుంచి కాన్సస్‌కు ఒప్పించి తెచ్చాడు. అప్పటి రూల్ ప్రకారం మొదటి సంవత్సరం విద్యార్థులు పెద్ద టీమ్‌లో ఆడకూడదు. నవంబర్ 18న, సరిగ్గా అలెన్ 70వ పుట్టినరోజున, మొదటి సంవత్సరం పిల్లలకూ పెద్ద టీమ్‌కూ మ్యాచ్ పెడితే పిల్లలే 81-71తో గెలిచారు, విల్ట్ 42 పాయింట్లు. ఇక వచ్చే ఏడు విల్ట్ పెద్ద టీమ్‌లోకి వస్తాడు అనగా, 70 నిండినవాళ్లు దిగిపోవాలన్న నిబంధన అడ్డొచ్చింది. ఇంకొన్నాళ్లు ఉండనివ్వమని అడిగాడు, ఒప్పుకోలేదు. 1956లో దిగిపోయాడు. మరుసటి ఏడు విల్ట్‌తో కాన్సస్ ఫైనల్ దాకా వెళ్లి, మూడు ఓవర్‌టైమ్‌లు ఆడి, నార్త్ కరోలినా చేతిలో 54-53తో ఓడింది.

ముసలాయన ఉండి ఉంటే గెలిచేవాళ్లా అని కాన్సస్ వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు ఆ వాదన మీద పెద్ద ఆసక్తి లేదు. నా ధ్యాస అంతా ఆ తర్వాత నడిచిన వరస మీద. 1952 చాంపియన్ టీమ్‌లో ఎక్కువగా బెంచి మీదే కూర్చున్న డీన్ స్మిత్ అనే కుర్రాడు, అదే నార్త్ కరోలినాకు అసిస్టెంట్‌గా వెళ్లి, తర్వాత హెడ్ కోచ్ అయి 879 మ్యాచ్‌లు గెలిచాడు. మైఖేల్ జోర్డన్ కాలేజీలో ఆడింది ఆయన దగ్గరే. 1922, 23 టీమ్‌లలో ఉన్న అడాల్ఫ్ రప్ కెంటకీలో 876 గెలిచాడు. ఇద్దరూ గురువును దాటిపోయారు. నైస్మిత్ నేర్పితే అలెన్, అలెన్ నేర్పితే స్మిత్, స్మిత్ నేర్పితే జోర్డన్. నాలుగు పేర్లలో ఆట పుట్టుక నుంచి మనం టీవీలో చూసినదాకా వచ్చేసింది.

అలెన్ 1974 సెప్టెంబర్‌లో చనిపోయాడు. కాన్సస్‌లో ఆయన పేరు మీద ఉన్న అలెన్ ఫీల్డ్‌హౌస్ (ఇండోర్ స్టేడియం) ఆయన ఇంకా కోచ్‌గా ఉండగానే, 1955 మార్చి 1న తెరిచారు. ఆ కట్టడం ఉన్న రోడ్డు పేరు నైస్మిత్ డ్రైవ్.

మన దగ్గర కూడా ఇట్లాంటి వరసలు ఉన్నాయి, రాసి పెట్టినవాళ్లు లేరు, అంతే. నాకు నేర్పిన పీడీ సార్‌కు కాజీపేట రైల్వే గ్రౌండ్‌లో ఆడిన ఒక పెద్దాయన నేర్పాడని చిన్నప్పుడు విన్నాను, ఆ పెద్దాయనకు ఎవరు నేర్పారో అడగాలన్న ఆలోచన అప్పుడు రాలేదు. ఇప్పుడు అడుగుతున్నా. వరంగల్, జనగామ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు మీరు చదువుకుని ఉంటే, మీకు ఆట నేర్పిన పీడీ సార్ లేదా మేడమ్ ఏ ఊళ్లో, ఏ ఏళ్లలో పని చేశారో, ఏ ఆటలు నేర్పారో, వాళ్లకు నేర్పింది ఎవరో తెలిసినంత రాసి పంపండి, వాళ్ల అనుమతి తీసుకుని పంపండి. ఎండాకాలం సెలవుల్లో కూర్చుని అన్నీ ఒకచోట చేరుస్తా.